నీళ్ళు తాగే లారీ

దుంగల లారీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. హిల్కా పొద్దున్నే ముందు మూత ఎత్తి చూసేసరికి ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ అడుగుకు దిగిపోయి ఉండేది. కింద మంచు మీద ఒక్క చుక్క మరక లేదు. గొట్టాలన్నీ తడిమి చూసింది. పొడిగానే ఉన్నాయి.

ఆ లారీ ఆమె భర్త ఉర్హోది. అతను పోయాక పగలు ఆమె, సాయంత్రాలు మరిది కౌకో నడుపుతున్నారు. అడవిలో దుంగలు ఎక్కించుకుని కుహ్మో ఊళ్ళోని రంపపు మిల్లులో దించి రావడం పని. కౌకోకి తొందరెక్కువ. ఎక్కడో ఇంజన్ వేడెక్కించి, నోరు మెదపకుండా తాళాలు తగిలించి పోయాడని హిల్కా అనుమానం.

"కౌకో, బండి ఎప్పుడైనా వేడెక్కిందా?" అని మామూలుగా అడిగినట్టే అడిగింది.

"నా చేతిలో ఎక్కలేదు. నీ చేతిలోనేమో చూసుకో."

"నా చేతిలోనా!"

"షెడ్డులో ఖాళీ కూలెంట్ డబ్బాలు చూశాలే వదినా. గుట్టుగా పోసుకుంటూ నాకెందుకు చెప్పలేదు మరి?"

ఆమెకు ఒళ్ళు మండింది. నిజానికి అతను ఏం చేస్తాడో చూద్దామనే చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. కౌకో బండి దిగే ముందు టెంపరేచర్ ముల్లుకి ఫొటో తీసి ఆమె ఫోనుకు పంపేవాడు, కింద ఒక్క ముక్క రాయకుండా. ఆమె ఆ ఫొటోలనూ నమ్మలేదు. కాసేపు చల్లబరిచి తీస్తున్నాడనుకుంది.

చివరికి ఒక ఎత్తు మీద ఆమె నడుపుతుండగానే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ లేచింది. కూలెంట్ కాలిన తియ్యటి వాసన. ముల్లు ఎరుపులోకి పోయింది. ఇంజన్ ఆపేసి, మరో బండికి కట్టించి మెకానిక్ టావెట్టి షెడ్డుకు లాగించుకొచ్చింది.

టావెట్టి ఉర్హోకి చిన్ననాటి స్నేహితుడు. కబురు తెలిసి కౌకో కూడా అక్కడికి వచ్చాడు. ఇంజన్ చల్లారాక మూత తీసి, కొద్దిసేపు స్టార్ట్ చేయించాడు. కూలెంట్ ట్యాంకులో బుడగలు లేచాయి. వాటి మీద ఒక గాజు గొట్టం పెట్టాడు. అందులోని నీలం ద్రవం చూస్తుండగానే పసుపు రంగుకు తిరిగింది.

"సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. హెడ్ గాస్కెట్ పోయింది" అన్నాడు.

"వేడెక్కిస్తేనే కదా పోయేది?" అంది హిల్కా, కౌకోని చూస్తూ.

"నన్ను చూస్తావేంటి? ఎరుపులోకి తోలింది నువ్వు!"

"మీ తగువు బయట పెట్టుకోండి. ఎందుకు పోయిందో హెడ్ దించితే గానీ తెలీదు."

ఒక్కో సిలిండర్ మీద మూతలా ఒక్కో హెడ్ ఉన్న ఇంజన్ అది. నీళ్ళ దారిలోకి గాలి ఎక్కించి, ఇంజెక్టర్లు తీసి చూశాడు. ఆరో సిలిండర్ ఒక్కటే తడిగా ఉంది. దాని హెడ్ దించాడు. దాని కింద గ్యాసూ నీళ్ళూ కలవకుండా ఆపే గాస్కెట్ ఒక పక్క నల్లగా కాలిపోయి ఉంది. టావెట్టి సిలిండర్ రంధ్రం మీద ఉక్కు బద్ద ఆనించి, వంగి చూసి, గబుక్కున గుడ్డ కప్పేశాడు.

"ఇక ఇంటికెళ్ళండి. మిగతాది నేను చూసుకుంటా."

"ఏం దాస్తున్నావు టావెట్టీ?"

"దాచడానికేముంది హిల్కా, మసి."

"మసికి గుడ్డ కప్పుతారా? మీరిద్దరూ ఒకటైపోయారా ఏంటి?"

కౌకో కూడా దగ్గరికొచ్చాడు. "నన్నెందుకు కలుపుతావు? నాకూ చూడాలనే ఉంది. తియ్యి టావెట్టీ."

టావెట్టి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత గుడ్డ తీశాడు.

"లోపలి ఈ గొట్టం, లైనర్, ఇంజన్ బ్లాకు కంటే వెంట్రుకంత పైకి ఉండాలి. అప్పుడే గాస్కెట్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. ఇది కిందికి ఉంది."

పిస్టన్ తీసి, లైనర్ పైకి లాగాడు. దాని అంచు కింద ఉండి దాన్ని ఎత్తి పట్టాల్సిన పల్చటి రింగు లేదు.

"ఎవరు వెయ్యలేదు?" అని అడిగేసరికే హిల్కాకి జవాబు తెలిసిపోయింది. ఆ ఇంజన్ విప్పి కట్టింది ఉర్హో. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"మిగతా ఐదూ దించు" అంది హిల్కా.

"అవసరం లేదేమో..."

"దించమన్నాను. ఇంకెక్కడెక్కడ ఏం చేశాడో నాకు తెలియాలి."

ఒక్కొక్క హెడ్ దిగుతుంటే ఆమె తనే వంగి, బద్ద ఆనించి, తప్పు వెతికింది. లైనర్లన్నీ ఉండాల్సిన ఎత్తులోనే ఉన్నాయి. ఒక్కదానిలోనూ వంక దొరకలేదు.

"ఆరోది చివర కట్టినది" అన్నాడు టావెట్టి మెల్లగా. "ఇక్కడే కట్టాడు. చెయ్యి వణుకుతోంది, తర్వాత చేద్దువులే అన్నాను. వినలేదు. ఆ వారంలోనే కదా ఆసుపత్రిలో చేర్చింది. అందుకే నీకు చూపించలేదు."

హిల్కా బల్ల మీద కూలబడి, నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. కౌకో కాఫీ పోసి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"నిన్ను అనవసరంగా అన్నాను" అంది.

"నేను తక్కువన్నానా?"

కొత్త గాస్కెట్లు, రింగు వచ్చాక, లైనర్ కూర్చునే చోటు ఆమే తుడిచి శుభ్రం చేసింది. రింగు తనే వేసింది. టావెట్టి హెడ్లు వరసగా బిగించాడు. ఇంజన్ తిరిగినంతసేపూ ట్యాంకులో ఒక్క బుడగా లేవలేదు.

కౌకో తాళాలు ఆమెకు అందించబోయాడు.

"నువ్వే తోలు. నేను పక్కన కూర్చుంటా."

"కాపలాకా వదినా?"

"కాదురా. మీ అన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నువ్వే కదా. దారిలో ఏమన్నాడో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెప్పు."