నీడన ఆరిన బట్ట

బొందు ముడి బిగించాక పైడమ్మ గోడకేసి తిరిగి ఒకసారి గొంతుక్కూర్చుని లేచింది. గుడ్డ పైకి ఎగబాకలేదు. ఎడమ తొడ దగ్గర మాత్రం లోపలి కుట్టు ఊడి గుచ్చుకుంటోంది. వేలు దూర్చి దాన్ని పక్కకు తిప్పుకుంది. మళ్లీ కూర్చుని లేచింది. అప్పుడు పైన లంగా, లంగా మీద చీర కట్టుకుని తలుపు గడియ తీసింది. బయట ఇంకా పూర్తిగా తెల్లవారలేదు గాని గాలి అప్పుడే వేడెక్కి ఉంది.

చీర కింద ఆమె తొడుక్కునేది మగవాళ్ల చారల డ్రాయరు. మోకాళ్ల పైదాకా వచ్చే నూలు గుడ్డది. కొన్నప్పుడు నీలం చారలే. ఇనుప దుమ్ము పట్టీ పట్టీ ఆ చారలు ఏ రంగువో చెప్పడం కష్టమైపోయింది. తొడలు రెండూ రాసుకునే చోట లోపలివైపు పాత చీర ముక్కలు వేసి కుట్టింది. రోజూ సాయంత్రం దాన్ని ఉప్పు పోయేదాకా జాడించాలి. చెమట ఉప్పు గుడ్డలో ఉండిపోతే మర్నాటికి అట్టలా బిగిసి కోస్తుంది. జాడించాక బయట తీగ మీద వెయ్యదు. ఇంట్లోనే మూల కట్టిన తాడు మీద పరిచి, పైన తడి చీర కప్పి, నీడన ఆరబెడుతుంది. అందుకే దానికి ఎప్పుడూ కాస్త ముక్కవాసన. ఆ వాసన తన వాసనే అనుకోవడం పైడమ్మకు అలవాటైపోయింది.

కిరండూల్‌లో ఇనుప ఖనిజం కొండ మీది నుంచి బెల్టు మీద దిగి వస్తుంది. వచ్చినదంతా వ్యాగన్లలోకి పోదు. బెల్టు కిందా పట్టాల మధ్యా రాలుతూనే ఉంటుంది. రాలినదాన్ని పారలతో తట్టలకెత్తి, తట్టలు నెత్తిన పెట్టుకుని కుప్పకు చేర్చడం పైడమ్మ జట్టు పని. జట్టులో అందరూ ఆడవాళ్లే. వాళ్లను ఇక్కడ రేజాలంటారు. ఆ మట్టి తట్ట నిండా ఎత్తితే మెడ లోపలికి దిగిపోతుంది. దుమ్ము కూడా బరువైనదే, పడ్డచోటు నుంచి లేవదు. చెమట ఎక్కడుంటే అక్కడ కూర్చుంటుంది.

ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో పైడమ్మ తన ఊళ్లో చేసినట్టే చేసింది. విజయనగరం అవతల వాళ్ల ఊళ్లో గోగు కోతలప్పుడు తొడలు ఒరుసుకుపోతే ఆడవాళ్లు ఆముదం రాసుకునేవారు. తనూ రాసుకుని పనికి పోయింది. ఆ ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషీ చేసే పొరపాటే అది. దుమ్ము ఆముదంలో కలిసి ముద్దయింది. ఒక్కో అడుగుకీ తొడలు ఒకదాన్నొకటి నూరుకున్నాయి. మధ్యాహ్నానికి చర్మం లేచిపోయింది. సాయంత్రం చీర పుండుకు అంటుకుని ఊడిరాలేదు. కాళ్లు ఎడంగా పెట్టుకుని బాతులా నడిచి ఇంటికొస్తుంటే పిల్లలు వెనక పడి నవ్వారు.

మొగుడు సింహాద్రి రైలు లైను మీద గ్యాంగులో పనిచేసేవాడు. మాటకారి కాదు. ఆ సాయంత్రం ఆమె నడక చూశాడు. ఏమీ అడక్కుండా బయటికెళ్లి, తీగ మీద ఆరిన తన డ్రాయరొకటి తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

"తొడుక్కో. ఆవదం మానీసి పౌడరు జల్లుకో. పట్టాల మీద మేవందరం ఇలగే నడుస్తన్నాం."

"సీ. మొగోడి గుడ్డ నానేటి తొడుక్కోడం. నలుగురూ సూస్తే?"

"సీర కింద ఎవులు సూస్తారే."

"సచ్చినప్పుడు సూస్తారు."

సింహాద్రి నవ్వాడు. డ్రాయరు తీసుకెళ్లి మళ్లీ తీగ మీద వేసేశాడు. రెండోసారి ఇవ్వలేదు. ఇస్తాడేమోనని ఆమె చాలా రోజులు చూసింది. తనంతట తాను అడగడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఎన్నో వేసవులు తొడల మధ్య గుడ్డముక్కలు చుట్టుకుని, అవి జారిపోతుంటే నడుస్తూనే సర్దుకుంటూ పనిచేసింది. ఒక వానాకాలం సింహాద్రికి చలిజ్వరం వచ్చింది, పోయాడు. ఆ పై వేసవిలో పైడమ్మ అతని రేకుపెట్టె తెరిచి, తలుపు గడియ పెట్టి, అందులోని డ్రాయరొకటి తొడుక్కుంది. ఆ రోజు కాళ్లు మండలేదు. మండకపోవడమే ఆమెకు కష్టంగా తోచింది. చేత్తో ఇచ్చినప్పుడు కాదన్నది ఇప్పుడెలా తొడుక్కున్నానని పొద్దుటి నుంచి సాయంత్రందాకా అడుగడుగునా అనిపించింది. మర్నాడూ తొడుక్కుంది. కొన్నాళ్లకు ఆ తలపు ఎప్పటికప్పుడు రావడం మానేసి, ముడి వేసే క్షణంలో మాత్రం వచ్చి పోయేది.

చావంటే పైడమ్మకు పెద్ద భయం లేదు. చచ్చాక చేయించే స్నానమంటే భయం. వాళ్ల గుడిసెల వరసలో ఎవరు పోయినా ముందు అప్పలకొండమ్మ వస్తుంది. వయసులో పెద్దది, అన్ని పద్ధతులూ తెలిసినది. తక్కిన ఆడవాళ్లను చుట్టూ నిలబెట్టి తనే బట్టలు విప్పి నీళ్లు పోయిస్తుంది. ఒకసారి అలా పోసినప్పుడు పోయినామె నడుం దగ్గర మొగుడిది కాని పేరు పచ్చబొట్టుగా కనిపించింది. మనిషి బూడిదైనా ఆ పచ్చబొట్టు మాత్రం కుళాయి దగ్గరి మాటల్లో ఏడాది పైన బతికే ఉంది. తన గురించి ఏమంటారో పైడమ్మ ఎన్నోసార్లు ఊహించుకుంది. ముండమోసింది, మగోడి డ్రాయరు తొడుక్కు తిరిగింది. ఎవడిదో. ఆ చివరి మాట దగ్గర ఆమె ఊహ ఎప్పుడూ ఆగిపోయేది.

కుట్టు ఊడిన ఈ రోజు మధ్యాహ్నం బెల్టు నీడన జట్టు కూర్చుంది. మంగి సొరబుర్రలోంచి రాగిజావ వంచి ఇచ్చింది. మంగిది కొండ దిగువ పల్లె. మోకాళ్ల పైకి చీర కట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని కూడా పాడగలిగే మనిషి. ఒకసారి వాగులో స్నానం చేస్తుంటే పైడమ్మ డ్రాయరు ఆమె కంటబడింది. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత దగ్గరికొచ్చి లోపలి అతుకు వేళ్లతో తడిమి చూసి, "అచ్ఛా కుట్టావు దీదీ" అంది. ఆ మాట మళ్లీ ఎక్కడా ఎత్తలేదు.

మేస్త్రీ రామారావు అటుగా పోతూ ఆగాడు. "ఏం పైడమ్మా, ఇవాళ పడవ నడిపినట్టు నడుస్తున్నావు. అటో కాలు, ఇటో కాలు."

"పడవైతే కూకునేదాన్ని బావూ" అంది పైడమ్మ.

అతను పోయాక మంగి గొంతు తగ్గించింది. "నిజంగానే కాలు ఈడుస్తున్నావు దీదీ."

"కుట్టు ఊడిపోనాది. గుడ్డ పలచబడిపోనాది. సంతలో కొత్తది తేవాల."

"తే. కొట్టువాడికి ఉన్నాడని చెప్తావుగా, ఆ ఆద్మీకి కూడా చెప్పు, కొంచెం ధీరే, మెల్లగా నడవమని."

పైడమ్మ నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఓలె మంగీ, నాను పోతే ముందు నువ్వే రావాల. అప్పలకొండమ్మ కంటే ముందు."

"మళ్లీ అదే మాట. నేను ముందు పోతే?"

"నీకేటే. నువ్వు దాసుకునేది ఏటీ లేదు."

మంగి జావ చివరి గుక్క తాగి మూతి తుడుచుకుంది. "వస్తా. కసమ్. ఇప్పుడు లే, రామారావు చూస్తున్నాడు."

షిఫ్టు దిగి ఇద్దరూ సంతకు వెళ్లారు. ఎండ నెత్తి మీది నుంచి కదల్లేదు. మంగి ఉప్పు కొనడానికి పోయింది. పైడమ్మ బట్టల కొట్టు కాశయ్య దగ్గరికి నడిచింది. కాశయ్య తర్లగూడ వైపు నుంచి వచ్చినవాడు. సంత రోజున రెండు మంచాలు వేసి, వాటి మీద లుంగీలు, బనియన్లు, డ్రాయర్లు పేర్చి అమ్ముతాడు.

"ఏందమ్మా, మళ్లొచ్చినవా. మీ ఆయన గిన్ని డ్రాయర్లు ఏం జేస్తడు, నములుతడా?"

"నడుస్తాడు బావూ. బాగా నడుస్తాడు."

"లైను మీద పని గదా. నడవక తప్పదు."

మొదటిసారి వచ్చినప్పుడు ఎవరికని అడిగితే, మా ఆయనకి అంది. అప్పటి నుంచి కాశయ్య కొట్టు దగ్గర సింహాద్రి బతికే ఉన్నాడు. ఇంకెక్కడా లేడు. ఇక్కడ మాత్రం వేసవికోసారి అరిగిన డ్రాయరు మారుస్తూ పట్టాల వెంట నడుస్తూనే ఉన్నాడు. కాశయ్య అతన్ని గురించి అడిగితే పైడమ్మ జవాబులు వెతుక్కోనక్కర్లేదు. దగ్గు తగ్గిందనో, ఆదివారం కూడా డ్యూటీ వేశారనో మాటలు వాటంతటవే వచ్చేవి. గుడ్డకు డబ్బిచ్చి వెనక్కి వచ్చేటప్పుడు ఆమె నడక కొంచెం తేలికపడేది.

"అదే కొలతా?"

"సిన్నది ఇయ్యి. ఒళ్లు తగ్గింది."

"గీ ఎండలకు మనిషి చిక్కడా మరి. ఒకపారి తోల్కరారాదు, సరిగ్గ కొలిచి ఇస్తా. ఇన్నేండ్లాయె, నేను జూడనే లేదు."

పైడమ్మ నాలుక అంగిటికి అతుక్కుపోయింది. లేడు బావూ, అనాలనిపించింది. ఎందుకో ఇవాళ చెప్పేస్తే బరువు దిగుతుందనిపించింది. మంచం మీద మడతలు పెట్టిన డ్రాయర్ల చారలు కళ్లముందు కదులుతున్నాయి. మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"వొస్తాడు బావూ. ఈ ఎండలు తగ్గాక."

"నీ మొఖం గట్లయిందేందమ్మా. ఇగో, నీళ్లు తాగు."

"ఇంటికెల్లి తాగుతాను."

కాశయ్య కొత్త డ్రాయరు పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. పొట్లం చంకన పెట్టుకుని ఆమె మంగితో కలిసి ఇంటిదారి పట్టింది. కొంతదూరం పోయాక తెలిసింది, తొడలు మండడం లేదు. కుట్టు ఊడిన చోట కూడా ఏమీ తెలియడం లేదు. కాళ్లు దగ్గరగా పెట్టి నడిచి చూసింది. పెళ్లికి ముందు గట్ల మీద నడిచినట్టు కాలి ముందు కాలు పడుతోంది.

"మంగీ, ఇయాల మంట లేదే."

మంగి ఆమె జబ్బ పట్టుకుంది. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది. "దీదీ, పెనంలా కాలిపోతున్నావు. చెమట ఏదీ నీకు?"

"సెమట లేకపోతేనే మంచిది. ఒరుసుకోదు."

మిగతా దారంతా మంగి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. గుడిసెలో చాప మీద పడుకోబెట్టి, కుండలో ఉన్న కాసిని నీళ్లూ తల మీద పోసింది. తాగించబోతే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. కడవ తీసుకుని కుళాయికి పరుగెత్తింది.

పైడమ్మకు పైకప్పు తడికె సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా కనిపించింది. తీగ మీద ఎవరో గుడ్డ ఆరేస్తున్నట్టు చప్పుడైంది. ఇటిచ్చీ, అందామనుకుంది. ఈసారి చెయ్యి చాపడం కష్టమనిపించలేదు. చెయ్యి చీర కుచ్చిళ్ల దగ్గరికి, ముడి ఉన్నచోటికి వెళ్లి అక్కడ ఆగింది.

మంగి నిండు కడవతో వచ్చేసరికి ఆ చెయ్యి అక్కడే ఉంది. కడవ దించింది. పైడమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత తలుపు గడియ పెట్టింది.

బొందు ముడి చెమటకు తడిసి, ఎండి, రాయిలా బిగిసి ఉంది. గోళ్లకు రాలేదు. మంగి వంగి పళ్లతో పట్టి లాగింది. నోరంతా ఉప్పు, ఇనుము. బయట అప్పలకొండమ్మ తలుపు తట్టింది.

"ఓలె, గడియెందుకే పగలు? పైడమ్మని మోసుకొచ్చినావంట, ఏటైనాది?"

"పోయింది" అంది మంగి లోపలి నుంచి. "చీర జారింది. సర్దుతున్నా. ఒక్క మినిట్."

ముడి వీడింది. డ్రాయరు కాళ్ల కిందికి లాగి, చీర సరిగ్గా కప్పి, దాన్ని ఉండ చుట్టి తన తట్టలో ఉప్పు మూట కింద దోపింది. అప్పుడు గడియ తీసింది.

ఆడవాళ్లు వచ్చారు. నీళ్లు కాగాయి. అప్పలకొండమ్మ చీర విప్పించి తల నుంచి పాదాల దాకా తనే రుద్దింది. తొడల లోపలి చర్మం నల్లగా, మందంగా, మడమ చర్మంలా గట్టిపడి ఉంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. అక్కడున్న వాళ్లందరివీ కొంచెం తేడాతో అలాంటివే.

చాప ఎత్తుతుంటే సంత నుంచి తెచ్చిన పేపరు పొట్లం కిందపడింది. అప్పలకొండమ్మ విప్పింది. మడత కూడా నలగని మగవాళ్ల డ్రాయరు. మంగి తన తట్టను కాలితో వెనక్కి నెట్టింది.

అప్పలకొండమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ల వైపు ఏడాదికోసారి, పెద్ద పండక్కి, పోయినవాళ్లకు కొత్త బట్టలు కొని, పళ్లెంలో పెట్టి, దీపం ముందు ఉంచుతారు. ఆమె ముఖంలో ఏదో సడలింది.

"సింహాద్రికి పెడదావని కొన్నాదే" అంది మెల్లగా. "పండక్కి ఎన్నాళ్లుందో. ఇప్పట్నించే కొని దాసుకున్నాది. ఎవులికీ సెప్పలేదు, సూడు."

ఒకామె ముక్కు చీదింది. అప్పలకొండమ్మ డ్రాయరును మళ్లీ అదే మడతల్లో పెట్టి పైడమ్మ చేతి పక్కన ఉంచింది. "అట్టుకెల్లి ఆడికే ఇచ్చుకో." పొద్దు వాలకముందే అది ఆమెతోపాటే వెళ్లిపోయింది.

మంగి వెళ్లిన వాళ్లతో వెళ్లలేదు. కుళాయి దగ్గర కూర్చుని తట్టలోంచి పాత డ్రాయరు తీసింది. పైడమ్మ చెప్పినట్టే, నాలుక మీద పెట్టి చూస్తే ఉప్పు తెలియనంతదాకా జాడించింది. ఎరుపు మాత్రం ఎంత జాడించినా వస్తూనే ఉంది. పిండి, పైడమ్మ ఇంట్లో మూల తాడు వైపు ఒకసారి చూసి, బయటికొచ్చి గుడిసె ముందు తీగ మీద వేసింది.

మర్నాడు షిఫ్టు దిగి వస్తూ మంగి అటు చూసింది. కూలీల వరసలో తీగ మీద మగవాళ్ల డ్రాయరు కనిపిస్తే ఎవరికీ వింత కాదు, ఎవరూ దాన్ని తియ్యలేదు. అది మొదటిసారిగా ఎండలో పూర్తిగా ఆరింది. అతుకులు ఊడిన చోట తొడల దగ్గర గుడ్డ ఎంత పలచబడిందంటే, అవతలి కొండ అందులోంచి కనిపిస్తోంది.