ఇంటిమూట బరువు

మా డిపోలో సరుకు తూచేది నేను. నూట ఎనభై కిలోలు దాటితే చీటీ మీద సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను, పెద్దాయన స్వయంగా వచ్చి నా నెత్తిన నిలబడ్డా సరే. నేనొకసారి సంతకం పెట్టాక ఆ సరుకును మళ్ళీ ఎవరూ తూచరు. ఆరేళ్ళుగా నన్ను అందరూ కాటా అక్క అంటారు.

కొండమీది సైనిక శిబిరాలకు నీళ్ళూ మందులూ తూటాలూ మోసేది బ్యాటరీతో ఎగిరే పెద్ద డ్రోను. ఎనిమిది రెక్కలు, ఇంత ఒళ్ళు. మేము దాన్ని దున్న అంటాం. కడుపు కింద వలలో సరుకు కట్టి వదిలితే ఇరవై రెండు కిలోమీటర్లు పోయి దించుతుంది. మర్నాడు అక్కడే సోలార్ పలకల మీద ఛార్జి ఎక్కించుకుని ఖాళీగా తిరిగొస్తుంది. గాలి ఎదురైతే పనికొస్తుందని బ్యాటరీలో ఎప్పుడూ పదిశాతం మిగిలేలా లెక్క కడతారు. ఆ పదిశాతాన్ని మా డిపోలో దేవుడి వాటా అంటారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. సరుకు కాటా మీంచి దించాక, వల మూతి బిగించే ముందు, పైన ఒక మూట కడతాం. ఇంటిమూట. చీటీలో రాయం. పైన మనవాళ్ళున్న అందరం చేసేదే. రెండు కిలోలో మూడో, దేవుడి వాటాలోంచి పోతుంది, అడిగేదెవడు? బరువెక్కువైందని ఆపరేటర్ తెర మీద పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. రోజూ వెలుగుతోందని విసిగిపోయి, ఆ మహానుభావుడు దాని మీద కాగితం ముక్క అంటించేశాడు.

మా తమ్ముడు పై శిబిరంలో ఉండేవాడు. చనిపోయి పదకొండు రోజులైంది. నాకింకా ఏడుపు రాలేదు. మొదటిరోజు వస్తుందేమోనని కూర్చున్నాను, రాలేదు, లేచి అంట్లు తోముకున్నాను. మూడోరోజు నుంచి పనికి పోతున్నాను. రాతిగుండె అని నా వెనక అనుకుంటున్నారని తెలుసు. అనుకోనీ.

పోయే ముందురోజు వాడు ఫోన్ చేశాడు. "చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయే అక్కా" అన్నాడు. "నోర్మూసుకుని రేపటి మూట చూసుకో" అన్నాను. వాడితో నేనన్న ఆఖరి మాట అదే. మర్నాడు మూట కట్టాను. దళసరి బొంత, తోలుబూట్లు, చిన్న స్టవ్వు. కాటా మీద పెట్టి చూస్తే పన్నెండు కిలోలు. నా చేత్తో నేనే తూచి, చూసి, కట్టాను. తెలియక చేశానని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

దున్న శిబిరానికి ఐదువందల మీటర్ల ఇవతల, బ్యాటరీ అయిపోయి లోయలో దిగిపోయింది. పైన నీళ్ళు ఇంకో రెండు రోజులకు ఉన్నాయి. చీకటి పడ్డాక వెళ్ళి తెచ్చుకుందామన్నారట మిగతావాళ్ళు. వీడు ఆగలేదు. "మా అక్క మూట పంపింది రా" అని నవ్వుకుంటూ దిగాడట. అవతలి గట్టు మీంచి శత్రువులు కాల్చారు. వాడి స్నేహితుడు ఈ సంగతి ఫోన్లో నాకొక్కదానికే చెప్పాడు. నేను సరేనని ఫోన్ పెట్టేశాను.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ ఆపరేటర్ వచ్చి చెవిలో చెప్పాడు. మా మరదలు, అంటే ఆ తమ్ముడి పెళ్ళాం, బ్యాటరీల షెడ్డులో పనిచేస్తుంది. దున్న పడిపోయినదాని మీద రేపు పదింటికి విచారణ. తప్పంతా తనదేనని రాసివ్వబోతోందట. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, జైలు కూడా పడొచ్చట. నేను టిఫిన్ డబ్బా మూసేసి సెలవు పెట్టి వాళ్ళింటికి పోయాను.

తలుపు తీసే ఉంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటోంది. పొయ్యి మీద గిన్నె ఉంది కానీ కింద మంట లేదు. నన్ను చూసి లేవలేదు.

"కూర్చో వదినా. అన్నం వండలేదు."

"నీ అన్నం కోసం వచ్చానా? ఏం రాస్తున్నావ్?"

"జరిగింది. ఆరోజు బ్యాటరీ తొంభైరెండు శాతం దగ్గరుంది. నిండేదాకా ఆగితే మధ్యాహ్నం రెండు దాటుతుంది, కొండ మీద గాలి లేస్తుంది, ఎగరనివ్వరు. ఆయనకి సరుకు అందదని వంద ఉందని రాసి పంపేశాను." పెన్ను మూత పెట్టి, తీసింది. "అందుకే పడింది. నేనే చంపుకున్నాను."

గొంతులో వణుకు లేదు. తనకీ నాలాగే మొద్దుబారిపోయిందని అప్పుడు తెలిసింది. పదకొండు రోజులుగా ఒకరి మొహం ఒకరు తప్పించుకు తిరుగుతున్నాం. తను నన్నెందుకు తప్పించుకుందో నేను అనుకున్నది వేరు. ఆడపడుచునని మొహమాటమేమో అనుకున్నాను, నా మొహం!

నోరు మెదపకుండా లేచి వచ్చేయవచ్చు. నా సంతకం ఉన్న చీటీ మీద నూట ఎనభై అని ఉంది, దాన్ని మళ్ళీ తూచినవాడు లేడు. కాల్పుల్లో దున్నతోపాటు మూటా కాలిపోయిందట. ఈ పిల్ల జైలుకు పోతుంది, నేను కాటా అక్కలాగే బతుకుతాను. ఈ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

"ఆ రోజు ఇంటిమూట పన్నెండు కిలోలు" అన్నాను.

తను తలెత్తింది. "మూడు కదా కడతారు?"

"పన్నెండు. తూచే కట్టాను. నేను మూట పంపానని వాడికి తెలుసు. ఆ మూట కోసమే లోయలోకి దిగాడు. పైన నీళ్ళున్నాయి, వాడు దిగక్కర్లేదు." ఒక్క గుక్కలో చెప్పేశాను. "నువ్వు చంపలేదే అమ్మాయ్. నేను."

తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకున్నా బాగుండు అనిపించింది. తను మాత్రం కాగితం వెనక్కి తిప్పి లెక్క వేయడం మొదలుపెట్టింది. రోజూ షెడ్డులో చేసే లెక్కే, ఎంత బరువుకు ఎంత బ్యాటరీ అని. పెదాలు కదులుతున్నాయి. కొట్టేసి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే వచ్చినట్టుంది, పెన్ను కింద పెట్టింది.

"నీ పన్నెండు కిలోలకి నాలుగు శాతం వదినా. నాది ఎనిమిది. మొత్తం పన్నెండు, దేవుడి వాటా ఉన్నదేమో పది. ఆ రెండు శాతం లేకే ఐదువందల మీటర్లు తగ్గింది."

"ఊఁ."

"నేనొక్కదాన్నే చేసుంటే చేరేది. ఇంకా రెండు మిగిలేది." వేలితో అంకెల మీద రాస్తోంది. "నువ్వొక్కదానివే చేసినా చేరేది. ఎవరో ఒకళ్ళం ఆయన్ని ఆ ఒక్కరోజు పట్టించుకోకుండా ఉండుంటే..."

ఆ మాట పూర్తి చేయలేదు. తన మీదున్నదాంట్లో సగం నేను తీసుకుందామని వచ్చాను. సగం అవలేదు. ఇప్పుడు మొత్తం నాకూ ఉంది, మొత్తం తనకూ ఉంది.

"ఇంకో కాగితం ఉందా?" అన్నాను.

నోటుపుస్తకంలోంచి ఒకటి చింపి ఇచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే పెన్ను, అదీ ఇచ్చింది. నేను తేదీ వేసి, పేరు రాసి, బరువు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. మరదలు కుర్చీ దగ్గరకు జరుపుకుని నా చేతి వైపే చూస్తూ కూర్చుంది.

"పన్నెండని అక్షరాల్లో కూడా రాయి వదినా" అంది. "అంకె ఒక్కటే రాస్తే తర్వాత ఎవరైనా తగ్గిస్తారు."