నాలుగో బల్ల ఎరుపు

శంకరమ్మ చేటను పొట్టకు ఆనించి రెండోసారి చెరిగింది. పుచ్చుపట్టిన గింజ ఒకటి, ముక్కు విరిగినవి రెండు ఏరి పక్కన పడేసింది. ఆమె చూపుడువేలి గోరు మొక్కజొన్న రంగుకు తిరిగి చాలా ఏళ్లయింది. తలెత్తితే గోడమీద టీవీ, అందులో ఆరు బల్లలకు ఆరు గడులు. నాలుగో గడి ఎర్రగా ఉంది. అది ఆమె బల్లది.

మేడ్చల్‌లోని ఈ విత్తనాల షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఆమె గింజలు ఏరుతోంది. టీవీ వచ్చింది మాత్రం నిరుడే. రోజుకు పది బుట్టలు ఏరిన బల్ల గడి ఆకుపచ్చగా, ఎనిమిదో తొమ్మిదో అయితే పసుపుగా, అంతకు తగ్గితే ఎర్రగా మారుతుంది. మొదటి రోజు తన గడి ఎర్రబడగానే శంకరమ్మ కొబ్బరికాయ తెప్పించి కొట్టి, అందరికీ ముక్కలు పంచింది. టీవీ అంచుకు బొట్టు కూడా పెట్టింది. కుంకుమ రంగు వచ్చిందంటే మంచే జరిగిందని కదా ఎవరైనా అనుకునేది! సూపర్‌వైజర్ జనార్ధన్ తన ముక్క నమిలి మింగాక గానీ అసలు సంగతి చెప్పలేదు.

"ఎరుపంటే ఎనకవడ్డట్టు, శంకరమ్మా."

"గా ముచ్చట కొబ్బరి తినకముందు జెప్పొద్దా సారూ!"

అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. కానీ మూడు నెలల కిందట ఆఫీసువాళ్లు గోడకు కాగితం అంటించారు. వరుసగా మూడు నెలలు ఎరుపులో ఉన్న బల్లను ఎత్తేస్తారట. ఆ గడువు ఈరోజుతో తీరిపోతుంది. యాభై ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఈరోజుతోనే శంకరమ్మ కొలువూ అయిపోతుంది. తన సంగతి సరే, ఎదురుగా కూర్చుని పని నేర్చుకుంటున్న ప్రియాంక రేపటినుంచి ఈ బల్లమీదే బతకాలి.

"పెద్దమ్మా, ఇయ్యాల్నన్న జల్దీ ఏరుదాం. పది బుట్టలైతయి" అంది ప్రియాంక.

"ఐతయి. పుచ్చులు గూడ గందులనే వోతయి. రెండుపార్లు సూడాల్సిందే."

శంకరమ్మకు ఒకప్పుడు శామీర్‌పేట అవతల రెండెకరాలుండేవి. ఒక ఏడు కొనుక్కొచ్చిన విత్తనం సగానికి సగం మొలవలేదు. భర్త గండయ్య సాళ్ల వెంట వంగి, మట్టిని వేలితో కెలికి చూసుకుంటూ పొద్దంతా తిరిగాడు. మళ్లీ విత్తేసరికి అదను దాటింది. మరుసటేడు భూమి పోయింది, ఆమె ఈ షెడ్డుకొచ్చింది. వంగిన ఆ వీపును ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఎవరెన్ని చెప్పినా ఆమె చెయ్యి తొందరపడదు.

మధ్యాహ్నం కొంపల్లి ఆఫీసునుంచి లిఖిత స్కూటీమీద వచ్చింది. ఏ అంకెకు ఏ రంగు రావాలో టీవీకి చెప్పేది ఈ అమ్మాయే, నెలాఖరున వచ్చి లెక్కలు చూసుకుని వెళ్తుంది. ఆమె కోసమే కాచుకుని ఉన్న శంకరమ్మ బల్ల కిందినుంచి రెండు తడిగుడ్డ మూటలు తీసింది. విత్తేముందు ఊళ్లో ఇంటింటా చేసే పనే అది. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, ఐదారు రోజులాగి మొలకలు లెక్కపెడతారు. ఒక మూట తన బల్లది. రెండోది నెలంతా ఆకుపచ్చగా ఉన్న రెండో బల్లది.

"మీరే లెక్కవెట్టుండ్రి మేడం. నేను లెక్కవెడితే నా దిక్కే జెప్పుకున్న అంటరు."

లిఖిత పీట లాక్కుని కూర్చుని మొలకలను పదేసి చొప్పున పేర్చింది. రెండో బల్లవి డెబ్బై తొమ్మిది. నాలుగో బల్లవి తొంభై ఏడు. నమ్మకం కుదరక జనార్ధన్ మళ్లీ లెక్కపెట్టాడు. అంతే వచ్చాయి.

"ల్యాబ్‌లో అన్ని బల్లలవీ కలిపేసి చూస్తారండీ. విడివిడిగా చూడాలని నాకూ తట్టలేదు" అంది లిఖిత ల్యాప్‌టాప్ తెరుస్తూ. "మీ గడి ఆకుపచ్చ చేసేస్తాను."

"వద్దు. బుట్టలు తక్కువనే జేసినం గద, గది ఎర్రగనే ఉండనియ్యి. అబద్ధమెందుకు? దాని పక్కన మొలకల గడి ఇంకోటి వెట్టు బిడ్డా. రెండూ సూసినంక బల్ల ఎత్తుతరో ఉంచుతరో మీ ఇష్టం."

లిఖితను మేడం అనడం మరిచిపోయానని శంకరమ్మకు తర్వాత గుర్తొచ్చింది. లిఖిత బయటికెళ్లి మేనేజరుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. రెండుసార్లు గొంతు పెంచింది. నాలుగున్నరకు టీవీలో ప్రతి బల్లకూ రెండో గడి వచ్చింది. ఇంకా లెక్క తేలని బల్లల గడులు ఖాళీగా ఉన్నాయి. రెండో బల్లకు ఆకుపచ్చ పక్కన ఎరుపు, నాలుగో బల్లకు ఎరుపు పక్కన ఆకుపచ్చ. జనార్ధన్ గోడమీది కాగితం చింపేశాడు.

"ఇగ బల్ల ఉంటది" అన్నాడు. ప్రియాంక ఏడ్చేసింది.

"ఏడ్వకు, గింజలు తడుస్తయి" అంది శంకరమ్మ. చేటను తనవైపు లాక్కుంది.

పోయేముందు దండ వేస్తామంటే, అరగంట పని ఆగిపోతుందని ఆమె పొద్దున్నే వద్దంది. ఐదింటికి చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ప్రియాంక తల నిమిరింది. బయట శామీర్‌పేట వెళ్లే షేర్ ఆటో ఆగి ఉంది. ఆమె ఎక్కగానే కదిలిపోయింది.

ప్రియాంక కొంగుతో కళ్లు తుడుచుకుని ఎదుటివైపు చూసింది. బల్లమీద అంచు నల్లబడిన చేట ఉంది, అందులో ఒక్కసారి మాత్రమే చెరిగిన గింజలు.