సాంచె చెవిలో చెప్పిన మాట

వనజ కవిత్వం రాస్తుందని సిరిసిల్లలో వాళ్ల వాడకట్టుకంతా తెలుసు. డిగ్రీలో తెలుగు చదివిన పాపానికి పెండ్లిపత్రికల పద్యాలూ సన్మానపత్రాలూ ఆమె చేతనే రాయించుకునేవాళ్లు. అసలు కవిత్వం మాత్రం ఆరేళ్ల కూతురు హర్షిణి నోట్లోంచి వచ్చేది. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, దాన్ని కాగితం మీద పెట్టడమే వనజ పని.

దసరానాడు సాంచెలకు సెలవు. మరమగ్గాన్ని అక్కడ అందరూ సాంచె అనే అంటారు. వనజ మామ కైలాసం తన సాంచెలన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. బతుకంతా వాటి చప్పుడులో నిలబడి ఆయనకు వినికిడి పోయింది. పక్కన పిడుగు పడ్డా అటు తిరిగి చూడడు.

అందరూ భోజనాలకు లేచాక, హర్షిణి ఒక సాంచె మీదికి వంగి గుసగుసలాడడం వనజ కంటపడింది. ఏందని అడిగితే పిల్ల కాసేపు బెట్టు చేసి, చివరికి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చెప్పింది. తాత చెవులను సాంచెనే తిన్నదట. మిగతా రోజులు దాని చప్పుడే దానికి సరిపోతుంది కాబట్టి ఎవరి మాటా వినదట. ఈ ఒక్కరోజే వింటుందని, వాపసు ఇమ్మని అడిగింది.

"ఇచ్చేదాక ఎవ్వలకు చెప్పకు. చెప్తే ఇయ్యది," అన్నది.

వనజ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టు వేసింది. ఆ రాత్రే, పొయ్యి మీది కుక్కర్ కూత పెట్టేలోగా కవిత పూర్తి చేసింది.

బాలల దినోత్సవానికి కరీంనగర్‌లో కవి సమ్మేళనం. చూసి మురుస్తారని కూతురినీ మామనూ వెంట తీసుకుపోయి, ముందు వరుసలో కూర్చోబెట్టింది. సాంచెను చెవులు అడిగిన చోటు చదవగానే సభ ఘొల్లుమంది. అధ్యక్షుడు సదానందం సార్ కళ్లద్దాలు తుడుచుకుని, పసిమనసు ఎంత అమాయకమో చూడండన్నాడు. ఆ పసిమనసును లేచి నిలబడమన్నాడు. హర్షిణి లేవలేదు. సిగ్గుపడుతున్నదని సభ మళ్లీ నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టడం చూసి కైలాసమూ కొట్టాడు. అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

అది సిగ్గు కాదని వనజకు వేదిక మీంచే తెలిసింది. అప్పటికే భుజాల మీద శాలువా పడింది.

తిరుగు బస్సులో పిల్ల తాత పక్కన కూర్చున్నది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా "తాతా" అన్నది. ఆయన కిటికీలోంచి పత్తిచేన్లు చూస్తున్నాడు. ఇంకోసారి పిలిచి చూసి, తల్లి వైపు తిరిగింది.

"ఇగ ఇయ్యది," అన్నది. గొంతులో కోపం లేదు. "మొన్న పిలిస్తే జర తిరిగిండు. ఇద్దామనుకున్నట్టుంది."

పోయిన చెవులు రావని చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ ఆ మాట చెబితే, ఒట్టు తప్పడం తప్పు కాకుండా పోతుంది. చెవులైతే రావు, తప్పు ఒక్కటీ మాసిపోతుంది. వనజకు అంత సుఖమైన దారి ఎంచుకోవడానికి మొఖం చెల్లలేదు.

"తప్పయింది బిడ్డా," అన్నది.

"నీకు రాసుడుంటది కదా," అన్నది హర్షిణి, పెద్దమనిషిలా. ఆ మన్నింపు వనజకు శాలువా కంటే బరువుగా ఉంది.

ఆ తర్వాత పిల్ల నోటి నుంచి అలాంటి మాట మళ్లీ రాలేదు. బడి, హోంవర్కు, అన్నం, అంతే. ఒక సాయంత్రం వనజ జొన్నరొట్టె చేస్తుంటే తనే వంటింటి గడపలోకి వచ్చింది.

"అమ్మా, చందమామ రొట్టె లెక్కున్నది."

వనజ చెయ్యి ఆగింది. పిల్ల ఆ మాటను నమ్మడం లేదని మొఖంలోనే తెలుస్తున్నది.

"గిది రాసుకో. గిదైతే అందరికి చెప్పుకోవచ్చు," అని సాంచెల షెడ్డు వైపు ఉరికింది.

పెనం మీది రొట్టె మాడుతుంటే దించి, వనజ కూడా వెనకాలే వెళ్లింది. సాంచెలన్నీ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో హర్షిణి తాత చెవికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఒక్క ముక్కా వినపడని ఆ చెవిలో ఏ మాటైనా భద్రంగా ఉంటుంది. పిల్లకు ఆ సంగతి తెలిసినట్టే ఉంది.

వాళ్లు చూడకముందే వనజ వెనక్కి తిరిగింది.