ఆకు రాల్చిన పొద

తిరుపాల్ రెండో బిందె కూడా పొద మొదట్లోనే వంచాడు. తొట్టిలో మన్ను నీళ్లు పీల్చుకోలేదు. ఇంకా ఎండ రాలేదు.

ఆదోని కొండ కిందున్న అటవీశాఖ నర్సరీలో ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా దినకూలీ. నడుము వంగింది. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను ఏ సబ్బుకూ పోదు. ఆయన పెంచిన మొక్కలు ఏటా లారీలెక్కి పోతాయి. ఏది ఎక్కడ బతికిందో ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఈ పొద ఒక్కటే ఆయన తనంతట తాను తెచ్చుకున్నది. కొండమీద బండ చీలికల్లో మొలిచేది. తొలకరికి వేలెడు పొడుగు తెల్లపూలు పూసేది. క్వారీ వాళ్లు ఆ వాలంతా తవ్వేశారు. మిగిలిన ఒక్కదాన్ని ఉగాదికి ముందు, వేరు తెగకుండా పూటంతా తవ్వి, గోనెలో చుట్టి భుజాన మోసుకొచ్చాడు. విత్తనం పట్టేదాకా బతికితే చాలనుకున్నాడు.

నెలకే ఆకులు పండి రాలాయి. దప్పికనుకున్నాడు. నర్సరీ బోరు ఎండిపోయింది. ఇంటికి కొళాయి నీళ్లు ఐదురోజులకోసారి. వాటిలోంచే మోశాడు. పెళ్లాం అంజినమ్మ వద్దనలేదు.

"నాకు జొరమొచ్చినప్పుడు ఇన్ని నీళ్లు తాపినట్ల లేదే" అని మాత్రం అంది.

పదిగంటలకు ఎమ్మిగనూరు బస్సు దిగి అరుణ వచ్చింది. అక్కడి కాలేజీలో చెట్ల పాఠాలు చెబుతుంది. కబురు పంపింది తిరుపాలే. ఆమె కొమ్మను గోటితో గీకింది. లోపల పచ్చ లేదు. మన్ను తీసి చూస్తే వేరు వేళ్లమధ్య మెత్తగా ఊడింది. మురుగువాసన.

"రోజూ పోసినావా అప్పా?"

"రెండు పూటలా పోసినానమ్మా. ఆకు రాల్చేకొద్దీ ఇంకో బిందె ఎక్కువ పోసినా."

ఆమె ఊడిన వేరును మళ్లీ మన్నులో పెట్టి చెప్పింది. ప్రతి ఎండాకాలం అది తనంతట తానే ఆకు రాలుస్తుందట. వానదాకా చుక్కనీరు అడగదట.

"ఇంగ యాడన్నా ఉందా అమ్మా?"

"నేను తిరిగిన కొండల్లో యాడా లేదప్పా."

పోయడం తప్ప ఆయనకు ఎవరూ ఏదీ నేర్పలేదు. సాయంత్రం పొదను పట్టి లాగాడు. బలం పెట్టనక్కరలేకుండానే చేతికి వచ్చింది. చెత్తకుప్పలో వేయబుద్ధికాక కొండ మొదట్లో ఒక బండ మీద పడుకోబెట్టి ఇంటికి పోయాడు. మరునాడు పనికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. వారం తిరిగేసరికి ఆయన చోట ఇంకెవరినో పెట్టుకున్నారు.

నర్సరీ షెడ్డులో, విత్తనాల కోసమని అరుణ తెచ్చి మరిచిపోయిన కాగితం కవరు కుర్చీ మీదే ఉంది. పైన ఆదోని అని రాసి ఉంది. దాని మూతి ఇంకా అంటించలేదు.