మడమకు తెలిసిన చోటు

దంతె పళ్ళలో చిక్కిన ప్లాస్టిక్ మూతను పీకి సంచిలో వేసి, ఎర్రన్న మళ్ళీ ఇసుక దువ్వసాగాడు. బాగా తెల్లవారకముందే సగం దీవి అయిపోయింది. అయిపోక ఏమవుతుంది, రెండు బీడీలు కాల్చేలోగా చుట్టి రావచ్చు ఆ దీవిని.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మెడ ఎండకు మాడింది. కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి వాలి ఉంటుంది, పదహారేళ్ళు కువైట్‌లోని హవల్లీ పేట సందుల్లో చీపురు పట్టినందుకు. ఆ వీధుల్లో అతని మొహం ఎవరూ చూసి ఉండరు. చూడాలని అతనూ అనుకోలేదు. ఊడ్చిన వీధి అద్దంలా ఉంటే చాలు, ఆ పూట అన్నం రుచిగా దిగేది. దీవి ఊడ్చే మనిషి సెలవు మీద పోతే, కంపెనీ అతన్ని మూడు వారాలకని ఇక్కడికి తోలింది. ఈ రోజుతో ఆ మూడు వారాలూ అయిపోయాయి, కువైట్ కూడా అయిపోయింది. సాయంత్రం విమానమెక్కితే రేపు జగిత్యాల. అందుకే దీవిని పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి అప్పగించాలని అతని పంతం.

తూర్పు ఒడ్డున నీళ్ళ దగ్గర్నుంచి పైకి ఓ వెడల్పాటి చార, దాని చివర కెలికిన ఇసుక కనిపించాయి. పిక్నిక్‌కు వచ్చినవాడెవడో జెట్‌స్కీ ఈడ్చి ఉంటాడని తిట్టుకుంటూ, చుట్టుపక్కల పది గజాల మేర గుర్తు కూడా మిగలకుండా దువ్వేశాడు.

ఏడింటికి వచ్చిన బోటులోంచి డాక్టర్ రేహానా దిగింది. హైదరాబాదు మనిషి, ఇక్కడి సముద్రపు తాబేళ్ళ బాగోగులు చూసే ఉద్యోగం. తెల్లవారుజామున ఓ తాబేలు ఈ ఒడ్డు దిగిపోవడం చూసి చేపలవాళ్ళు ఆమెకు ఫోన్ చేశారట. గద్దముక్కులాంటి మూతి ఉండే జాతి. ఈ సముద్రంలో చాలా తక్కువ మిగిలాయి, గుడ్లు పెట్టడానికి ఇలాంటి దీవులనే వెతుక్కుంటూ వస్తాయి.

నున్నటి ఇసుకను చూసి ఆమె ఒడ్డు వెంట ఆ కొసకూ ఈ కొసకూ నడిచి వచ్చింది.

"ఎర్రన్నా, ఈడ ఏమన్న చార కనవడ్డదా?"

"కనవడ్డది మేడం. మంచిగ దువ్విన," అన్నాడు ఎర్రన్న, మెచ్చుకుంటుందని.

రేహానా ఇసుకలో కూలబడింది. ఈ రోజు పున్నమి పోటు. పదింటికల్లా నీళ్ళు ఇక్కడిదాకా వచ్చి గుడ్లను ముంచేస్తాయి. పారతో వెతికితే పగులుతాయి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు కాస్త దొర్లినా పిల్ల బతకదు. ఇదంతా ఆమె కోపంగా కాదు, నీరసంగా చెప్పింది. ఎర్రన్నకు తిట్టినా బాగుండుననిపించింది. పదహారేళ్ళలో ఒక్క మాట పడని మనిషి చివరి రోజున సిగ్గుతో చితికిపోయాడు.

బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"జర ఆగుండ్రి. తవ్వి పూడ్చిన జాగ నా కాలికి తెలుస్తది."

ఇంటి దగ్గర విత్తనం పసుపును గుంతలో పెట్టి, ఆకులు కప్పి, మన్ను పూడ్చేవాళ్ళు. నాలుగు వానలు పడితే గుంత ఎక్కడో తెలిసేది కాదు. పార దింపితే కొమ్ములు తెగుతాయని అతని భార్య మడమతో నొక్కుకుంటూ నడిచి, నేల మెత్తగా దిగినచోట ఆగేది. అతను ఎగతాళి చేసి, చేసి, చివరికి నేర్చుకున్నాడు.

ఎర్రన్న అడుగు వెనక అడుగు వేస్తూ, ఒంటి బరువంతా మడమ మీద మోపుతూ నడిచాడు. ఒక వరుస అయింది. రెండోది అయింది. మూడో వరుసలో ఉండగా అల వచ్చి పాదాలు తడిపి పోయింది. రేహానా గడియారం చూడడం మానేసి అతని కాళ్ళనే చూస్తోంది. నాలుగో వరుస నడుమ అతను ఆగి, అక్కడే మళ్ళీ నొక్కాడు.

"గిదే."

చేతులతోనే తవ్వారు. మోచెయ్యి దాకా దిగాక వేలికి మెత్తటి పెంకు తగిలింది. టేబుల్ టెన్నిస్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు. ఒక్కోదాని పైవైపు రేహానా పెన్సిల్‌తో గీత పెడితే, ఆ గీత పక్కకు వాలకుండా ఎర్రన్న పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, తడి ఇసుక బకెట్లో సర్దాడు. మెరకన అంతే లోతు గుంత తీసి దించారు. ఎనభై మూడు. ఒక్కటీ పగల్లేదు.

"ఇసుక వేడి ఎక్కువుంటే అన్నీ ఆడపిల్లలే అయితయి," అంది రేహానా, చేతులు దులుపుకుంటూ.

"మా ఇంట్ల గూడ గంత ఎండనే కొట్టినట్టున్నది మేడం. నలుగురూ ఆడివిల్లలే," అన్నాడు ఎర్రన్న. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఇక పోదాం పదమని బోటువాడు యల్లా అంటూ కేకేశాడు. గుంత దగ్గర పాతే పలక మీద రేహానా తేదీ, గుడ్ల సంఖ్య రాసింది. కనిపెట్టినవాళ్ళ పేరు దగ్గర ఆగి అతనివైపు చూసింది.

"నాది వద్దు మేడం. దువ్విందీ నేనే గద. మా ఇంటామె పేరు రాయుండ్రి." పేరు చెప్పడానికి కొంచెం సిగ్గుపడి, చెప్పాడు.

రెండు నెలలకు పిల్లలు బయటికొస్తే వీడియో పంపుతానంది ఆమె. ఎర్రన్న తల ఊపి, సంచీ భుజాన వేసుకుని బోటెక్కాడు. పదింటికి పోటు వచ్చి తూర్పు ఒడ్డునంతా కప్పేసింది. మెరక మీద ఇసుక పొడిగానే ఉంది. అక్కడ నిలబడ్డ చిన్న చెక్క పలక మీద, అరబ్బీ అక్షరాల్లో, ఏనాడూ సముద్రం చూడని కొమురక్క పేరు.