మూడు కాళ్ళ దొరసాని

అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన నలభై రోజులకు ఆ ఇంట్లోకి పిల్లి వచ్చింది.

అక్కకు అప్పటికి యాభై ఒకటి, చెల్లెలికి నలభై ఆరు. పందొమ్మిదేళ్ళుగా ఇద్దరూ మూడో అంతస్తులోని ఆ రెండు గదుల ఇంట్లోనే ఉన్నారు. అక్క ఒక పార్సిల్ ఆఫీసులో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం చేసేది. చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసేది. "ఊళ్ళో సగంమంది ముసలాళ్ళ నవ్వు మా చెల్లి చేతిలోదే" అని అక్క కనపడినవాళ్ళందరికీ చెప్పేది. అలా ఆమెకు పళ్ళమ్మ అన్న పేరు స్థిరపడింది. అద్దెకు కొత్తగా దిగినవాళ్ళు ఆ పేరు విని, తలుపు కొట్టి, అరటిపళ్ళు ఉన్నాయా అని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. అప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ తలుపు వేసుకుని కడుపు పట్టుకుని నవ్వేవారు.

ఒక బస్సు మెకానిక్కు పార్సిల్ తప్పిపోయింది. భార్య పోయి నాలుగేళ్ళయిన మనిషి. పదకొండు రోజులు వరసగా ఫోన్ చేశాడు. పన్నెండో రోజు పార్సిల్ దొరికింది. పదమూడో రోజు కూడా ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఏడాదికి అక్క పెళ్ళి మాట చెప్పింది.

"ఈ వయసులో సిగ్గు లేదూ నీకు? పోతే పో!" అంది పళ్ళమ్మ.

అక్క మారు మాట్లాడకుండా బట్టలు సర్దుకుంది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకాల రోజున పళ్ళమ్మ జ్వరమని చెప్పి వెళ్ళలేదు. జ్వరం లేదని ఇద్దరికీ తెలుసు. ఐదు గంటల ప్రయాణం ఉన్న ఊరికి అక్క వెళ్ళిపోయింది. వారానికోసారి ఫోన్ చేస్తే పళ్ళమ్మ ఆఁ, ఊఁ అని పెట్టేసేది. అక్క గది తలుపు మూసింది మూసినట్టే ఉంచేసింది.

పిల్లిపిల్ల కింద నీళ్ళ మోటారు గది వెనక పుట్టింది. బూడిదరంగుది, మెడ మాత్రం తెలుపు. మూడు నెలలుంటాయేమో. ఒక ఉదయం ఎవరిదో కారు వెనక్కి వస్తూ దాని కాలు తొక్కేసింది. పనికి బయలుదేరిన పళ్ళమ్మ ఆ అరుపు విని, భోజనం సంచీలోంచి డబ్బా తీసి పక్కన పెట్టి, పిల్లిని ఆ సంచీలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తింది. ఎందుకు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. అంతకుముందు దాన్ని ఒక్కసారి ముట్టుకున్నది కూడా లేదు.

వెనక కాలు ఒకటి తీసేయాల్సి వచ్చింది. వారం తర్వాత డాక్టరమ్మ దాన్ని చేతిలో పెడుతూ చెప్పింది.

"ఇక దీన్ని బయట వదలకూడదండీ. కుక్క తరిమితే గోడ ఎక్కలేదు. ఇంట్లోనే ఉండాలి, ఎప్పటికీ."

"ఇది నా పిల్లి కాదండీ."

"అయితే ఎవరిది?"

పళ్ళమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. పిల్లి పేరు ఏమని రాయాలని అడిగితే దాని మొహంలోకి చూసి, "దొరసాని అని రాయండి. అప్పుడే ఎవరినీ లెక్కచెయ్యట్లేదు" అంది.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే బెదిరిపోతుంది, ముందు ఒక్క గది ఇవ్వాలి. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టాలి. దొడ్డికి పెట్టే తొట్టిలో అది పుట్టిన చోటి మట్టి కొంచెం కలపాలి. తిండి పెట్టే ముందు దారంతో ఆడించాలి, వేటాడి తిన్నట్టు దానికి తృప్తిగా ఉంటుంది. కిటికీకి వల కట్టి, కూర్చుని చూసే చోటు ఏర్పాటు చెయ్యాలి.

"ఇంకో మాట. తలుపు దగ్గర ఏడుస్తుంది. ఏడ్చినప్పుడు మాత్రం తియ్యకండి. ఒక్కసారి తీశారో, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చేసుకుంటుంది."

ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే గది. పళ్ళమ్మ ఆ గది తలుపు తీసింది. మంచం మీద దుప్పటి మడత చెదరలేదు. గోడకు మేకు ఉంది, దానికి తగిలించే అద్దం లేదు. అక్క తలనూనె వాసన ఇంకా పోలేదు. పిల్లి అట్టపెట్టెలో దూరింది. పళ్ళమ్మ గడప దగ్గరే చాలాసేపు నిలబడి, పనికి ఆలస్యమవుతోందని గుర్తొచ్చి వెళ్ళింది.

మూడు రోజులు పిల్లి పెట్టె దిగలేదు. నాలుగో రోజు నుంచి ఏడుపు మొదలుపెట్టింది. పొద్దున మోటారు వేసిన చప్పుడు కింద వినపడగానే లేచి, మూడు కాళ్ళతో గెంతుకుంటూ తలుపు దగ్గరకు వచ్చి, మూతి చెక్కకు ఆనించి అరిచేది. పుట్టిన చోటి చప్పుడు కదా. పళ్ళమ్మ దారం ఆడించేది, చేప ముక్క చూపించేది, బతిమిలాడేది. పిల్లి కంచంలో తిండి తినేది, తిని మళ్ళీ వచ్చి అరిచేది. సాయంత్రం పని నుంచి వచ్చేసరికి తలుపు అడుగున చెక్క గీరి గీరి పొట్టు రాలి ఉండేది.

పనిలో కూడా ఆ అరుపే చెవుల్లో ఉండేది. ఒకనాడు ఒక పెద్దాయన కట్టుడు పళ్ళ సెట్టులో ముందుపళ్ళు రెండు తారుమారుగా పెట్టింది. ఇరవై రెండేళ్ళలో అలా జరగలేదు. పళ్ళ డాక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇంట్లో అంతా బాగున్నారా?" అని అడిగాడు.

"ఇంట్లో ఎవరూ లేరండీ" అంది, పళ్ళు అమర్చే మైనం కరిగిస్తూ.

మూడో వారం, సెలవు రోజు. పిల్లి పొద్దున ఏడింటి నుంచి అరుస్తోంది. పదకొండయినా ఆపలేదు. ఆమె చెవుల్లో దూది పెట్టుకుంది. రేడియో పెద్దగా పెట్టింది. చివరికి విసురుగా వెళ్ళి గది తలుపు, వీధి తలుపు రెండూ బార్లా తీసేసింది.

"పోతే పో!"

అన్నాక ఆ మాట తన చెవికి తనకే వినపడింది. అదే మాట, అదే గొంతు. గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

పిల్లి అప్పటికే మెట్ల మీద ఉంది. గెంతుతూ, జారుతూ రెండో అంతస్తు మలుపు దాకా దిగింది. అప్పుడే కింద ఎవరో మోటారుసైకిలు స్టార్ట్ చేశారు. పిల్లి ఒక్కసారిగా మూలకు నక్కి, నేలకు అతుక్కుపోయింది. చెవులు తలకు అంటుకుపోయాయి, ఒళ్ళంతా వణుకుతోంది. పళ్ళమ్మ గబగబా దిగబోయి ఆగింది. మీద పడి పట్టుకుంటే కిందికే దూకుతుందని భయమేసింది. పిల్లికి రెండు మెట్ల పైన కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

రెండో అంతస్తు పంతులుగారు కూరగాయల సంచీతో పైకి వచ్చారు.

"ఏంటమ్మా, మెట్ల మీద కూర్చున్నావు?"

"గాలి కోసమండీ."

"ఇక్కడ గాలేముంది?" అని ఆయన మూలకు చూసి, అర్థమై, గోడవారగా చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అరగంట పట్టింది. పిల్లి తల ఎత్తింది. కిందికి చూసింది, పైకి చూసింది. ఒక మెట్టు ఎక్కబోయి పట్టు తప్పి పడింది. మళ్ళీ ఎక్కింది. రెండో మెట్టు దగ్గర ఆమె చెయ్యి చాపితే తప్పించుకోలేదు. భుజం మీద వేసుకుంటే గోళ్ళు జాకెట్టులోంచి లోపలికి దిగాయి. రక్తం వచ్చింది. అయినా ఆమె సర్దుకోలేదు, అలాగే పైకి మోసుకెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి తనే అక్కకు ఫోన్ చేసింది.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?" అక్క గొంతులో కంగారు.

"బాగానే ఉంది. పిల్లిని తెచ్చా. నీ గదిలో ఉంచా."

"నా గదిలోనా? ఉండనీ. మంచం మీద ఎండ పడుతుంది, దానికి బాగుంటుంది."

"నువ్వెలా ఉన్నావు?"

అలా అడిగి ఎన్నాళ్ళయిందో. అక్క నవ్వబోయి నవ్వలేకపోయింది.

"ఆయన మంచివాడే. ఏ లోటూ లేదు. కానీ ఏ స్విచ్చికి ఏ లైటో ఇంకా తెలీట్లేదే. వంటింట్లో నొక్కితే వరండాలో వెలుగుతుంది. గిన్నెలన్నీ పోయినావిడ సర్దినట్టే ఉన్నాయి. పక్కకి జరపాలంటే చెయ్యి రాదు. ఆయన పనికెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుంటా. వీధిలో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు."

పళ్ళమ్మ గదిలోని అట్టపెట్టె వైపు చూసింది. "ఇల్లంతా ఒకేసారి నెత్తిన పెట్టుకోకు. ముందు ఒక్క గది నీదిగా చేసుకో. మిగతాది నెమ్మదిగా."

"ఎవరు చెప్పారే నీకు?"

"పశువుల డాక్టరు."

ఈసారి అక్క నిజంగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు ఎగబీల్చింది. పళ్ళమ్మ ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడుగుదామనుకుంది. మాట నోటి దాకా వచ్చి, "భోంచేశావా?" అని బయటపడింది. "చేశాలే, నీ మాటలు నేనెప్పుడో మర్చిపోయా" అంది అక్క. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు.

పిల్లి ఒక్క రోజులో మారలేదు. పొద్దున అరుపు నాలుగు గంటల సేపటి నుంచి గంట సేపటికి తగ్గడానికి నెల పట్టింది. పళ్ళమ్మ కిటికీకి వల కట్టి, కిందికి కనపడేలా ఎత్తుపీట వేసింది. పిల్లి దాని మీద కూర్చుని మోటారు గది పైకప్పు మీద తిరిగే వేరే పిల్లుల్ని చూసేది. మొదట్లో వలను గోకేది, తర్వాత తోక మాత్రం ఆడించేది. దారం చివర పనికిరాని మైనపు పన్ను ఒకటి కట్టి ఈడ్చితే ఇల్లంతా వెంటపడేది. హాలు అలవాటైంది, వంటిల్లు అలవాటైంది. ఇంకా కొన్ని రోజులు మాత్రం, ఏ కారణమూ లేకుండా, వీధి తలుపు దగ్గరకు వెళ్ళి చెక్కకు మూతి ఆనించి ఊరికే నిలబడేది. అప్పుడు పళ్ళమ్మ వెళ్ళి పక్కన నేల మీద కూర్చునేది. తలుపు తియ్యదు, పిల్లిని పిలవదు. ఇద్దరూ అలా ఉండేవారు.

పిల్లి వచ్చిన ఐదో నెలలో అక్క వచ్చింది. ఒక్క రోజుకే. వీధి తలుపు దగ్గర చెప్పులు విప్పి, చుట్టాల్లాగా గుమ్మం బయటే ఒక క్షణం ఆగింది. అది పళ్ళమ్మ చూసింది. లోపలికి వచ్చాక వంటింట్లో రెండు డబ్బాలు తెరిచి చూసి, "టీ పొడి ఎక్కడ పెట్టావే?" అని అడిగింది. పందొమ్మిదేళ్ళు తనే సర్దిన వంటిల్లు.

"పై అరలో. ఉండు, నేను పెడతా."

టీ తాగారు. అక్క తన ఇంటి సంగతులు చెప్పింది. వరండా పక్కనున్న చిన్న గదిని తనదిగా చేసుకుందట. గిన్నెల అర ఒకటి ఖాళీ చేసి తనకు కావలసినట్టు సర్దుకుందట. మాట మధ్యలో రెండుసార్లు "మా ఇంట్లో" అంది. పళ్ళమ్మ కప్పులోకి చూస్తూ వింది.

పిల్లి మాత్రం పొద్దున చెప్పుల చప్పుడు వినగానే మంచం కిందికి దూరి, రోజంతా బయటికి రాలేదు. అక్క వంగి, చెయ్యి చాపి, ఎన్ని రకాలుగా పిలిచినా రెండు కళ్ళు మాత్రం మెరిశాయి. "నా మంచం కిందే నాకు చోటు లేకుండా చేసింది దొరసాని" అని అక్క మోకాళ్ళు దులుపుకుని లేచింది.

నాలుగింటి బస్సుకు పళ్ళమ్మ సాగనంపింది. అక్క కిటికీ సీటులో కూర్చుని, బస్సు కదిలే దాకా ఫోను ఎత్తడం మానొద్దని చెబుతూనే ఉంది. పళ్ళమ్మ సరే, సరే అంది.

తిరిగి వచ్చి తాళం తీసేసరికి ఇంట్లో చప్పుడు లేదు. అక్క తాగిన కప్పు బల్ల మీదే ఉంది. పళ్ళమ్మ దాన్ని కడిగి బోర్లించింది. కాసేపటికి మంచం కింద నుంచి పిల్లి మెల్లగా బయటికి వచ్చింది. అక్క కూర్చున్న కుర్చీని నాలుగు వైపులా వాసన చూసింది, హాలు దాటింది, వీధి తలుపు వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వచ్చి కంచం దగ్గర కూర్చుంది.